కూర్పు: ఇంటి చిత్రములు, ఇంటి చరిత్ర

పాత తెలుగు చలనచిత్రముల ఆరంభమున పేర్లు వరుసగా తెరపైకి వచ్చుచున్నపుడు, ఛాయాగ్రహణము, సంగీతము, కళ అను మాటల నడుమ 'కూర్పు' అను చిన్నమాట యొకటి కనబడును. మనలో పెక్కురు దానిని చదివియు చదువనట్లే విడిచిపెట్టుదుము. పాట పాడినవారెవరో అడుగుదుము. మాటలు వ్రాసినవారెవరో అడుగుదుము. కూర్చినవారెవరని అడిగినవారు అరుదు. అయినను ఆ మాట ఎంత చక్కని మాట! పూవులను దండగా గ్రుచ్చుట కూర్పు. పదములను పద్యముగా నిలుపుట కూర్పు. చెల్లాచెదరైన తాటియాకులను వరుస దెలిసి పేర్చి, రంధ్రమున త్రాడు దూర్చి, గ్రంథముగా బిగించుటయు కూర్పే. ఆకుల వరుస తప్పినచో కథలో చనిపోయినవాడు మరల వచ్చి మాటలాడును; ఆకు ఒకటి జారిపోయినచో మనము ఎన్నడును ఎఱుగని మాట యొకటి లోకమునుండి మాసిపోవును.

ఈ పని యొకప్పుడు పండితులది. పిదప చలనచిత్రశాలలలోని నిపుణులది. నేడు ఇది మన ఇండ్లలోనికి వచ్చినది. బడికి పోవు పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, పెండ్లి, పండుగ, పురుడు, ప్రయాణము మొదలైనవాని క్లిప్పులను ఒక దాని ప్రక్క నొకటి చేర్చి, కొన్నింటిని తెగగోసి, కొన్నింటిని ముందు వెనుకలు చేసి, గంటలో ఇంటికి ఒక చిత్రము తయారుచేయుచున్నాడు. అది వినోదమని మనము అనుకొనుచున్నాము. అది చరిత్రరచన యని మా మనవి. ఆ సంగతి మాకు తెలిసివచ్చినది దసమంతపూర్‌లో, మా బంధువుల యింట.

దసమంతపూర్ లోని సంగతి

దసమంతపూర్ కొరాపుట్ జిల్లాలోని ఒక బ్లాకు కేంద్రము. చుట్టును కొండలు, కొండల వాలున రాగిచేలు. అచ్చట మా బంధువుల యింట పెద్దాయనకు షష్టిపూర్తి తలపెట్టిరి. పెండ్లినాటి వీడియో కేసెట్లు రెండు బీరువా అడుగున కలవనియు, వానిని ఇటీవలి ఫోను చిత్రములతో జోడించి అరగంట చిత్రముగా పందిటిలో చూపవలెననియు ఇంటివారి కోరిక. కూర్పు బాధ్యత మనుమనిది. పదునారేండ్ల వాడు, చదువు ఒడియాలో, ఆంగ్లములో, తెలుగు మాటలాడునే గాని చదువలేడు. మేము పెద్దరికమునకు ప్రక్కన కూర్చుంటిమి.

కేసెట్లలో ఒకటి పనికిరాలేదు. మొదటి పది నిమిషములు పెండ్లి. అటుపైన ఒక చలనచిత్రము. ఏండ్ల క్రిందట ఖాళీ కేసెట్టు అనుకొని దానిపై చిత్రమును ఎక్కించినవారము మేమే. ఆ దోషమును ఇచ్చట ఒప్పుకొనుచున్నాము. తలంబ్రాలు, అప్పగింతలు, ఆ నాటి పెద్దల ముఖములు అన్నియు ఆ చలనచిత్రము క్రింద పడి చెరిగిపోయినవి.

రెండవ కేసెట్టునుండి మనుమడు తయారుచేసిన చిత్రము చూచితిమి. చక్కగానే యున్నది. ఊరేగింపు, భోజనములు, నవ్వులు, పాటలు. అయితే ఇంటి ఇల్లాలు ఒక్కసారి అడిగినది: "మా అత్తగారేరిరా?" పిల్లవాడు మెల్లగా చెప్పెను: "అందులో ఏమీ జరగడం లేదు మామ్మా. తాతమ్మగారు అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నారంతే. నాలుగు నిమిషాలు. అందుకని తీసేశాను."

ఆ నాలుగు నిమిషములలో ఆ ముసలమ్మ ఏమి చెప్పుచున్నదో వానికి పట్టుబడలేదు. ఆమె ఉత్తరాంధ్రపు యాసలో, పార్వతీపురము ప్రాంతమునుండి తమ పెద్దలు ఎడ్లబండిపై ఘాటు ఎక్కి వచ్చిన కథ చెప్పుచున్నది. ఏయే వస్తువులు తెచ్చుకొనిరో, మొదటి వానకాలము ఎట్లు గడిచెనో, ఏ ఇంటివారు బియ్యము అప్పిచ్చిరో చెప్పుచున్నది. ఆమె గతించి ఇరువదియేండ్లు దాటినది. ఆమె కంఠస్వరము లోకములో మరెచ్చటను లేదు.

తప్పు పిల్లవాని యొక్కనిదే అనరాదు. అదే కేసెట్టులో, పందిరి వేయుటకు వచ్చిన దేసియా ఆడువారు చేయి చేయి పట్టుకొని ఢెంసా ఆడిన దృశ్యము కలదు. దానిని చూచి మాలో ఒక పెద్దాయన "మన పెళ్ళిలో అదెందుకు, తీసెయ్యరా" అనెను. మనుమడు ఊరకుండలేదు: "వాళ్ళు రాకపోతే పందిరి ఎవరు వేసేవారు తాతయ్యా?" దానికి మా వద్ద జవాబు లేదు.

అనగా, పిల్లవాడు తెలియని భాషను కోసివేసెను. పెద్దవారు తమది కాదనుకొన్న ఆటను కోయజూచిరి. ఇద్దరును మంచివారే. ఇద్దరి చేతను కత్తెర యున్నది. ఈ కత్తెర ఎచ్చటినుండి వచ్చినదో, దానికి ఇంత శక్తి ఎట్లు కలిగెనో కొంచెము విచారింతము.

కత్తెర కథ

1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు డబ్బు పుచ్చుకొని చలనచిత్రములు చూపిరి. 1896 జూలై 7వ తేదీన అవి బొంబాయిలోని వాట్సన్ హోటలులో ప్రదర్శింపబడెను. ఒక్కొక్క చిత్రము నిమిషమునకు మించదు. కెమెరాను ఒకచోట నిలిపి, ఫిల్ము అయిపోవువరకు త్రిప్పుట, అంతే. అందులో కూర్పు లేదు. ఒక్క పూవు దండ కాదు గదా.

రెండు దృశ్యములను అంటించినచో మూడవ అర్థము పుట్టునని లోకము మెల్లమెల్లగా నేర్చుకొనెను. 1920 ప్రాంతమున రష్యాలో కూలెషోవ్ అను నాతడు ఒకే నటుని ముఖమును ఒకసారి సూపు గిన్నె ప్రక్కను, ఒకసారి శవపేటిక ప్రక్కను చేర్చి చూపగా, చూచినవారు మొదట ఆకలిని, పిదప దుఃఖమును ఆ ముఖమున చూచిరని చెప్పుదురు. ముఖము మారలేదు, పొరుగు మారినది. మన పెండ్లి చిత్రములో అప్పగింతల కన్నీటి ప్రక్కన బంతిభోజనపు నవ్వు చేర్చినచో ఏమగునో పాఠకులే ఊహింతురుగాక.

భారతదేశమున ఈ కళ పుట్టినదే ఒక ఇంటిలో. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3వ తేదీన బొంబాయిలో విడుదలయ్యెను. ఆ చిత్రమునకు ఆయన ఇల్లే చిత్రశాల. ఆయన ధర్మపత్ని సరస్వతీబాయి ఫిల్మునకు రంధ్రములు పొడుచుట, రసాయనములు కలుపుట మొదలైన పనులు చేసిరి. చిత్రబృందమునంతటికిని అన్నము వండిపెట్టిరి. కూర్పునందును ఆమె చేయి కలదని చెప్పుదురు. కాబట్టి ఇంటిలో కూర్చుండి చిత్రము కూర్చుట నేటి వింత కాదు. మన దేశమున అది ఆదినుండియు గల సంప్రదాయము.

తెలుగువారి సంగతి చూతము. మచిలీపట్టణమున పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో చిత్రప్రదర్శనములు నడిపి, కుమారుడు ప్రకాశ్‌ను విదేశములకు పంపి విద్య నేర్పించిరి. ఆ ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిరి. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' తెలుగున మాటలాడిన మొదటి పూర్తి చిత్రముగా వెలువడెను. మాట వచ్చినతోడనే కూర్పు కష్టమయ్యెను. బొమ్మ ఒక ఫిల్ముపైన, ధ్వని మరొక ఫిల్ముపైన ఉండగా, పెదవికి మాటను తప్పకుండ జతచేయవలెను.

ఆ కాలపు కూర్పరి పని ఎట్టిదో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము ఒక్క అడుగున 16 బొమ్మలు. క్షణమునకు 24 బొమ్మలు తిరుగును గనుక నిమిషమునకు 90 అడుగులు. మూడు గంటల చిత్రమునకు 16,200 అడుగులు. తీసినది దానికి ఎన్నియో రెట్లు. తునుకలన్నియు కొక్కెములకు వ్రేలాడుచుండును, క్రింద గుడ్డసంచి. 1924లో ఐవన్ సెర్రూరియర్ కనిపెట్టిన మూవియోలా యంత్రమున ఒక్కొక్క తునుకను చూచి, కత్తెరతో కోసి, అంటించి, మరల చూచుట. పోయిన తునుకను వెదకుటకే పూట గడచిపోవచ్చును.

ఇట్టి పనిలో తెలుగువారు పేరు గాంచిరి. 'మాయాబజార్' (1957) వంటి చిత్రములను కూర్చిన సి. పి. జంబులింగం, కల్యాణసుందరం గారల పేర్లు తెరపై చదివియుందుము. ఆదుర్తి సుబ్బారావుగారు కూర్పు విద్యలో ఆరితేరిన పిదపనే దర్శకులైరి. అక్కినేని సంజీవిగారు కూర్పరి. ఆయన కుమారుడు శ్రీకర్ ప్రసాద్‌గారు 'రాఖ్' (1989) మొదలుకొని పలుమారులు జాతీయ పురస్కారము పొందిరి. తెలుగు, తమిళము, మలయాళము, హిందీ, అస్సామీ మొదలైన పెక్కు భాషల చిత్రములను ఆయన కూర్చిరి. తనది కాని భాషలో చెప్పినదానిని శ్రద్ధతో విని, ఏ మాట నిలుపవలెనో ఎఱుగుట కూర్పరి ధర్మమని దీనివలన గ్రహింపవచ్చును. సంజీవిగారి సోదరులగు ఎల్. వి. ప్రసాద్‌గారు స్థాపించిన ప్రసాద్ సంస్థ ప్రయోగశాల భువనేశ్వర్‌లోను పనిచేసినది; ఒడియా చిత్రములకును తెలుగువాని పరిశ్రమ తోడైనది.

టేపు వచ్చిన పిదప

ఫిల్ము ఖరీదైనది. 8 మిల్లీమీటర్ల ఇంటి కెమెరాలు 1932లో వెలువడినను, అవి కలవారి ఇండ్లకే పరిమితమైనవి. సామాన్యుని యింటికి కదలెడి బొమ్మను తెచ్చినది టేపు. 1956లో ఆంపెక్స్ వారు వీడియో టేపు యంత్రమును వెలువరించిరి. మొదట దానినికూడ కత్తితో కోసియే అంటించెడివారు. అయితే టేపుపై బొమ్మ కంటికి కనబడదు గనుక, ఇనుపరజను కలిపిన ద్రవమును పూసి, బొమ్మకు బొమ్మకు నడుమనున్న గీటును వెదకి కోయవలసివచ్చెడిది. 1976లో జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. కేసెట్టు వచ్చెను. మన దేశమున 1982లో ఆసియా క్రీడల సందర్భమున రంగుల టెలివిజను ప్రారంభమైన తరువాత వీడియో ఊరూర వ్యాపించెను. ఆ దశాబ్దమునందే పెండ్లిపందిళ్ళలోనికి వీడియోవారు వచ్చిరి. ఫోటోగ్రాఫరు వెనుక వెలుగుదీపము పట్టుకొని నిలుచు కుఱ్ఱవాడు, ఆ వేడికి చెమర్చు పురోహితుడు, దీపము తమవైపు తిరుగగానే కొంగు సవరించుకొను ముత్తైదువలు. వీరిని మరచినవారు మనలో లేరు.

ఆ వీడియోను తీసినవారు దుకాణమునకు కొనిపోయి 'మిక్సింగు' చేసి ఇచ్చెడివారు. రెండు యంత్రములు, ఒకటి ఆడించునది, ఒకటి వ్రాసికొనునది. కావలసిన భాగమును మొదటినుండి చివరకు వరుసగా ఎక్కించుకొనుచు పోవలెను. నడుమ ఒక దృశ్యము మరచితిరా, అక్కడనుండి తుదివరకు పని అంతయు మరల చేయవలసినదే. పైగా నకలుకు నకలు తీసినకొలది బొమ్మ అలుకుకొనిపోవును. మన బీరువాలలోని పెండ్లి కేసెట్లు పెక్కు అట్టి నకళ్ళే. మూలము ఎచ్చటనో చెరిపివేయబడి, దానిపై మరియొకరి పెండ్లి ఎక్కియుండును.

కోయకయే కోయుట

ఈ చిక్కును తీర్చినది కంప్యూటరు. 1971లో సి.ఎం.ఎక్స్. 600 అను యంత్రము వచ్చెను. దృశ్యములను డిస్కులపై నిలిపి, ఏ దృశ్యమునైనను తక్షణము పిలుచుకొని, వరుసను ఇష్టమువచ్చినట్లు మార్చుకొను వీలు దానితో కలిగెను. వెల సుమారు రెండున్నర లక్షల డాలర్లు, కొన్నవారు కొందరే. 1989లో ఆవిడ్, 1991లో అడోబ్ ప్రీమియర్ వెలువడినవి. 1999లో ఐమూవీ, 2000లో విండోస్ మూవీ మేకర్ వచ్చుటతో ఈ విద్య ఇంటిబల్లపైకి దిగెను. మూవీ మేకర్ 2017లో నిలిపివేయబడినను, మన ఇండ్లలో ఎందరో మొదటిసారి క్లిప్పులు పేర్చినది దానిమీదనే. ఓపెన్‌షాట్, షాట్‌కట్ వంటివి నేటికిని వెల లేకుండ లభించుచున్నవి. పెండ్లివారి దుకాణములలో ఎడియస్ ప్రసిద్ధము. ఇప్పుడు అరచేతిలోని ఫోనులోనే ఈ పని జరుగుచున్నది.

పేరు ఏదైనను పని యొక్కటే. మొదట క్లిప్పులను ప్రాజెక్టులోనికి చేర్చుట. ఇది పెండ్లివంటలకు కూరగాయలు తెచ్చి కుప్పపోయుట వంటిది. ఇంకను వంట మొదలు కాలేదు. పిదప ఒక్కొక్క క్లిప్పును ఆడించి చూచి, ఎచ్చట మొదలుకావలెనో ఎచ్చట ముగియవలెనో గుర్తుపెట్టుట. అటుపిమ్మట వానిని టైమ్‌లైన్ అను పొడుగుపాటి గీతపై ఎడమనుండి కుడికి వరుసగా పేర్చుట. మన దేశపు టెలివిజను పద్ధతిలో క్షణమునకు 25 బొమ్మలు, గంటకు 90,000. అందులో ఏ బొమ్మవద్దనైనను కోయవచ్చును.

ఇచ్చట క్రొత్తవారు తెలిసికొనవలసిన భేదము ఒకటి కలదు. రెండు క్లిప్పుల నడుమ మూడవదానిని చొప్పించునపుడు తక్కినవి కుడివైపునకు జరిగి చోటిచ్చుట ఒక పద్ధతి. జరుగక, వచ్చినది ఉన్నదానిని కప్పివేయుట రెండవ పద్ధతి. బంతిలో ఆలస్యముగా వచ్చినవానికి అందరును కొంచెము సర్దుకొని పీట వేయుట మొదటిది. కూర్చున్నవానిని లేపి వాని విస్తరి ముందు కూర్చుండుట రెండవది. తెలియక రెండవ మీట నొక్కి దృశ్యములు పోయినవని విచారించువారు కలరు. మా కేసెట్టుపై మేము చలనచిత్రము ఎక్కించినదియు రెండవ పద్ధతియే. కాని అచ్చట వెనుకకు మరలించు మీట లేదు.

కంప్యూటరు కూర్పులోని గొప్ప విశేషమేమనగా, అది కోయుచున్నట్లు కనబడునే గాని కోయదు. ప్రాజెక్టు అనునది కేవలము ఒక జాబితా: ఫలానా క్లిప్పు, ఇన్నవ బొమ్మనుండి ఇన్నవ బొమ్మవరకు, ఫలానా వరుసలో. మూలము మూలముగానే యుండును. మనుమడు తీసివేసిన తాతమ్మ నాలుగు నిమిషములును అందువలననే దొరకినవి. క్లిప్పు అంచు పట్టుకొని కుడికి లాగగా, ఆమె అరుగుమీద మరల కూర్చున్నది. కత్తెరల కాలమున ఆ తునుక సంచిలోనో చెత్తలోనో పోయియుండెడిది.

అయితే ఈ సౌకర్యములోనే ప్రమాదమును కలదు. జాబితాను భద్రపరచి, చిత్రము తయారైనదిగదా యని మూల క్లిప్పులను తుడిచివేసినచో, జాబితా కాగితమునకు వస్తువులు లేని కొట్టువంటిదగును. ఫోనులో చోటు చాలదని ప్రతి పండుగ తరువాతను మనము చేయుచున్న పని ఇదియే. వెనుకటి కత్తెర కనబడునట్లు కోసెను; నేటి మీట కనబడకుండ మాపుచున్నది.

మనకు ఈ విచారమేల?

ఈ ప్రాంతపు తెలుగువారికి కోత అనగా నేమో పూర్వమే తెలియును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు, అంతవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉన్న కొరాపుట్ ప్రాంతము అందు చేరెను. మన పెద్దలు కదలలేదు. వరుస మారినది, పొరుగు మారినది. అదే నెల 28వ తేదీన పూరీలో మొదటి ఒడియా చలనచిత్రము 'సీతా బివాహ' ప్రదర్శింపబడెను. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ వేరు జిల్లా అయ్యెను. తెలుగు, ఒడియా, దేసియా, కువి మాటలు ఒకే సంతలో వినబడు ఈ సీమలో, మన కథ ఒక్క భాషలో ఇమడదు. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు (1869-1951) ఒడియాను, తెలుగును రెంటిని పోషించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉదారముగా దానము చేసిరి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటినుండి వారి పాటలను, కథలను విని వ్రాసికొనిరి. ఒకరు రెండు భాషలకు తమ సభలో పీట వేసిరి. ఒకరు ఎవరును లెక్కచేయని మాటను చెవియొగ్గి పట్టుకొనిరి. మనకు దారి చూపుటకు ఆ ఇద్దరు చాలుదురు.

మన కుటుంబములను గూర్చి గ్రంథములు లేవు. శాసనములు లేవు. ఉన్నవి భూమి కాగితములు, పెండ్లిపత్రికలు, ఈ కేసెట్లు, ఈ ఫోను క్లిప్పులు. రేపు మన మనుమల మనుమలు తమ పెద్దలెవరో ఎఱుగదలచినచో చూచునవి ఇవియే. అందులో పాట, ఆట, భోజనము మాత్రమే ఉండి, మాట లేకపోయినచో, మనము మూగవారమై తిని ఆడినవారమని వారు తలంతురు. మన పందిటిలో దేసియా పొరుగువారు లేకపోయినచో, ఈ కొండలలో మనము ఒంటరిగా బ్రతికితిమని నమ్ముదురు. రెండును అబద్ధములే. ఒక్క మాటయు కల్పింపకుండ, కేవలము తీసివేయుటచేతనే అబద్ధము చెప్పవచ్చునని కూర్పువిద్య మనకు నేర్పుచున్నది.

కావున కొన్ని మాటలు మనవి చేయుదుము. బీరువాలలోని కేసెట్లను ఈ యేడే బయటికి తీయుడు. ఈ కొండలలోని వానకాలపు చెమ్మకు టేపుపై బూజు పట్టును. బూజు పట్టినదానిని యంత్రమున పెట్టిన టేపు తెగును, యంత్రము చెడును. కేసెట్టు ఆడించు యంత్రములను లోకమున తుదివరకు తయారుచేసిన జపాను సంస్థ 2016లో ఆ పని మానివేసెను. చెడినచో క్రొత్తది దొరకదు. మూడు గంటల టేపు కంప్యూటరులోనికి ఎక్కుటకు మూడు గంటలే పట్టును. తొందరపడి ప్రయోజనము లేదు. ఎక్కించిన మూలమును కోయక యథాతథముగా మూడు ప్రతులు చేసి, రెండు విధములైన సాధనములలో ఉంచి, ఒకటి వేరొక ఊరిలోని బంధువుల యింట దాచుడు. కూర్పు ఎన్నిసార్లయినను చేసికొనవచ్చును, మూలము ఒక్కటే.

కూర్చునపుడు, ఏమియు జరుగుట లేదనిపించు క్లిప్పును కోయుటకు ముందు, అందు మాటలాడుచున్నవారెవరో ఇంటి పెద్దలనడుగుడు. మాట మొదలగుటకు ముందు ఒక క్షణము, ముగిసిన తరువాత ఒక క్షణము విడువుడు. ఊపిరిని కూడ కోయకుడు. వెనుక సంగీతము పెట్టదలచినచో మనుష్యుల గొంతుపై పెట్టకుడు. క్రింద వ్రాయు పేర్లు, ఊర్లు, సంవత్సరములు తెలుగులోను ఒడియాలోను రెంట వ్రాయుడు. మన పిల్లలలో కొందరు ఒకటే చదువగలరు, మరి కొందరు రెండవది.

షష్టిపూర్తినాడు దసమంతపూర్‌లో చూపిన చిత్రము అరగంట దాటినది. ఢెంసా ఆట ఉన్నది. ఆడినవారిలో ఇద్దరు, జుట్టు నెరసినవారై, ఆ పందిటిలోనే కూర్చుండి తమను తాము చూచుకొని నవ్విరి. తాతమ్మ నాలుగు నిమిషములును ఉన్నవి. ఆమె మాటలకు అడుగున ఒడియాలో అర్థము వ్రాసినవాడు మనుమడే. ఒక్కొక్క మాటకు అర్థము అడిగి అడిగి వ్రాసెను. ఆ రెండు రాత్రులలో వాడు నేర్చిన తెలుగు, మేము ఏండ్ల తరబడి నేర్పలేకపోయినది. ఎడ్లబండి ఘాటు ఎక్కిన చోట ఒక మాట వానికిని మాకును బోధపడలేదు. ఆ పందిటిలో ఎనుబదియేండ్ల ముసలాయన ఒకరు లేచి, అది బండిచక్రము వెనుకకు జారకుండ పెట్టు రాతికి వెనుకటివారు వాడిన పేరని చెప్పిరి.

మా చెరిగిన కేసెట్టులోని అప్పగింతలు ఇక రావు. అందులో ఎవరు ఏమి మాటలాడిరో అడుగుటకు మిగిలినవారును తగ్గిపోవుచున్నారు. మీ యింటి బీరువాలో ఇంకను చెరగనిది ఏదైన ఉన్నచో, ఈ సంచిక మూసి, దానిని ముందు చూడుడని మా ప్రార్థన.